చివరి వరస నుంచి పాఠం

(సావిత్రిబాయి ఫూలే జయంతి సందర్భంగా జరిగిన ఉపాధ్యాయుల సభలో, పల్నాడు ప్రాంతంలో పనిచేస్తున్న ఒక ప్రాథమిక పాఠశాల టీచరు చేసిన ప్రసంగ పాఠం)

  

"టీచరుగా మీరు పాఠం ఎట్లా చెప్తారు, వృత్తిలో ఎట్లా ఎదిగారు, మాట్లాడండి" అని ఈ సభ పెట్టినవాళ్ళు అడిగారు. ఎదుగుదల అనే మాట మన ఆఫీసుల్లో చాలా చిన్నమాట అయిపోయింది. ఎస్జీటీగా చేరాం, స్కూల్ అసిస్టెంట్ అయ్యాం, రేపు హెడ్మాస్టర్ అవుతాం. ఆరేళ్ళకొక స్కేలు, పన్నెండేళ్ళకొక స్కేలు. పీఆర్సీ వస్తే పెరిగాం, డీఏ ఆగితే తగ్గాం. వీటిని నేను తీసిపారెయ్యడం లేదు. కూలి డబ్బులతో టీటీసీ చదివొచ్చినదాన్ని. జీతం విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఒక్కళ్ళకి జీతం వస్తే మూడిళ్ళ అప్పులు దాని వంక చూస్తాయి.

అయితే పాఠం చెప్పడంలో మనం పెరిగామా, అక్కడే ఉన్నామా అనేదానికి సర్వీసు రిజిస్టరులో గడి లేదు. ఆ లెక్క తరగతిలో చివరి వరసలో కూచుని ఉంటుంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. తరగతిలో ఎవరికి చదవడం రాలేదో ఆ పిల్ల దగ్గర్నుంచి పాఠం మొదలుపెట్టాలి. ఆ పిల్ల చదివిననాడు టీచరు ఒక మెట్టు ఎక్కినట్టు. నా ఇరవై చిల్లర ఏళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నదంతా ఇంతే. ఎందుకట్లా అంటున్నానో, రోజూ బడిలో ఏం చేస్తున్నానో మీ ముందు పెడతాను.

"వాళ్ళకి రాదు"

నాలుగు ఊళ్ళలో పనిచేశాను. ఊరు మారింది, మండలం మారింది, స్టాఫ్ రూములో ఒక మాట మాత్రం మారలేదు. "వాళ్ళకి రాదండీ." ఎవరికి? పేరు చెప్పరు. కులం అసలే చెప్పరు. "వాళ్ళు" అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. హాజరు పట్టీ తీసి ఆ "రాని" పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని ఊళ్ళోకి నడవండి. అది మిమ్మల్ని రామాలయం వీధికి తీసుకుపోదు. పల్లెకి తీసుకుపోతుంది, గూడేనికి తీసుకుపోతుంది, ఎస్టీ కాలనీకి, వడ్డెర ఇళ్ళకి, తండాకి తీసుకుపోతుంది.

పూర్వం "మీరు చదవకూడదు" అని శాసించారు. ఇప్పుడు "మీరు చదవలేరు" అని సర్టిఫికెట్ ఇస్తున్నారు. మొదటిదాన్ని ఎదిరించడం తేలిక. కంటికి కనబడుతుంది, చట్టం కూడా మన వైపు ఉంటుంది. అంబేడ్కర్ సతారా బడిలో గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకుని విడిగా కూచున్నాడు, ప్యూను వచ్చి నీళ్ళు పోస్తే తాగాడు, ప్యూను లేనినాడు దాహంతో ఉన్నాడు. అది అన్యాయమని ఈనాడు ఎవరైనా ఒప్పుకుంటారు. రెండోదాన్ని ఎదిరించడం కష్టం. అందులో కులం "తెలివి" అనే చొక్కా తొడుక్కుని వస్తుంది. పిల్లవాడి తల్లి కూడా దాన్ని నమ్ముతుంది. "మావాడికి బుర్రకెక్కదు టీచరమ్మా, పదిదాకా లాగి వదిలెయ్యండి" అంటుంది. చివరికి పిల్లవాడే నమ్ముతాడు. ఆనాడు బడి గెలిచినట్టు కాదు, మనువు గెలిచినట్టు.

అందుకే "వాళ్ళకి రాదు" అనే మాట నా తరగతి గుమ్మం దాటి లోపలికి రాకూడదని పెట్టుకున్నాను. "ఇంకా ఏం రాలేదు? ఎక్కడ ఆగింది?" ఈ రెండు ప్రశ్నలే లోపలికి రావాలి.

పాటగా వచ్చు, అక్షరంగా రాదు

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక పిల్ల మూడో తరగతికి వచ్చింది. "రెండేళ్ళు గుణింతం రుద్దాం, ఒక్క ముక్క రాలేదు" అని ముందే చెప్పి పంపారు. కూచోబెట్టి అడిగితే క కా కి కీ అని మొదలుపెట్టి కః దాకా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పింది. పలక మీద "కొ" ఒక్కటే రాసి ఇదేంటమ్మా అన్నాను. మాట్లాడలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. చూద్దును కదా, మళ్ళీ క దగ్గర్నుంచి లోలోపల పాడుకుంటూ వస్తోంది. "కొ" దగ్గరకొచ్చి ఆగి, తలెత్తి చెప్పింది.

ఆ పిల్లకి గుణింతం పాటగా వచ్చు. అక్షరంగా రాదు. బుర్ర లేకపోతే ఆ పాటలో సరైన చోట ఆగడం ఎట్లా వచ్చింది? అప్పటిదాకా బడిలో అప్పజెప్పించుకున్నారే గానీ వరస తప్పించి ఎవరూ అడగలేదు. చుట్టిల్లు చూపించి గుమ్మం చూపించనట్టు.

ఆ తర్వాత చేసిన పని పెద్ద విద్యేం కాదు. పాత క్యాలెండరు అట్టలు కత్తిరించి అక్షరాలు విడివిడిగా రాశాను. కొడవలి, కొమ్మ, కొండ ఒక పక్క. కోడి, కోత, కోతి ఒక పక్క. అట్టలు కలిపేసి మళ్ళీ విడదియ్యమంటాను. ముందు రెండు గుర్తులకి తేడా పట్టుకోవాలి, తర్వాత మూడు, తర్వాత ఐదు. ఏత్వానికీ ఎత్వానికీ, ఓత్వానికీ ఒత్వానికీ తేడా దగ్గరే మన పిల్లల్లో సగంమంది ఆగిపోతారు. అది తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. రోజుకి ఒక్కో పిల్లతో ఐదు నిమిషాలు చాలు. కానీ ఆ ఐదు నిమిషాలు ఆ పిల్లవే అయ్యుండాలి.

ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ముందు వరస పిల్లకి ఈ ఐదు నిమిషాలు ఇంట్లో దొరుకుతాయి. అమ్మో, నాన్నో, ట్యూషన్ మాస్టారో ఉంటారు. చివరి వరస పిల్లకి బడిలో దొరకకపోతే ఇంకెక్కడా దొరకవు. అందరికీ ఒకటే పాఠం చెప్పాం, అందరినీ సమానంగా చూశాం అని మనం అనుకుంటాం. అసమానంగా ఉన్నవాళ్ళ ముందు సమానంగా నిలబడితే ఉన్న ఎచ్చుతగ్గులు అట్లాగే ఉంటాయి. అదనంగా బోధించడం దయ కాదు. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చదవండి. ఒక్కో పిల్ల నేర్చుకునే శక్తిని అంచనా వెయ్యడం, అవసరమైనచోట అదనంగా బోధించడం టీచరు విధి అని రాసి ఉంది.

అప్పు, ఉప్పు, డప్పు, చెప్పు

ప వత్తు నేర్పేటప్పుడు నేను బోర్డు మీద ఆరు మాటలు రాస్తాను. అప్పు, ఉప్పు, పప్పు, నిప్పు, డప్పు, చెప్పు. ఈ మాటలకి బొమ్మలు అక్కర్లేదు. ఆరూ మా పిల్లల ఇళ్ళల్లో ఉన్నాయి. అప్పు అనగానే ఒకడు "మాకుంది టీచర్" అంటాడు. ఉప్పు అనగానే ఇంకొకడు రేటు చెబుతాడు.

డప్పు దగ్గర, చెప్పు దగ్గర మాత్రం తరగతి రెండు ముక్కలవుతుంది. ఒక వరసలో నవ్వు, ఒక వరసలో తల కిందికి. ఏడేళ్ళ పిల్లలు! ఆ నవ్వు వాళ్ళకి ఎవరు నేర్పారు? ఆ తల వంచడం ఎవరు నేర్పారు? సిలబస్‌లో లేదు. సిలబస్ కంటే ముందే వచ్చేసింది. ఆ క్షణాన టీచరు "నిశ్శబ్దం" అని బల్ల మీద కొట్టి తర్వాతి మాటకి పోతే, ఆ నవ్వుకి సంతకం పెట్టినట్టే.

నేను అక్కడే ఆగుతాను. చెప్పు ఎట్లా తయారవుతుంది? పచ్చి తోలు రెండు రోజులుంటే ఏమవుతుంది? కుళ్ళుతుంది, కంపు కొడుతుంది. మరి చెప్పు ఎందుకు కుళ్ళదు? ముందు వరస వాళ్ళకి తెలియదు. ఒక ఏడాది గూడెం నుంచి ఒక ముసలాయన్ని బడికి పిలిచాను. ఆయన బల్ల మీద కూచోనన్నాడు, బతిమాలి కూచోబెట్టాం. తోలుని సున్నపు నీళ్ళల్లో నానేస్తే వెంట్రుకలు ఊడొస్తాయనీ, తంగేడు చెక్క రసంలో ఊరేస్తే తోలు కుళ్ళకుండా గట్టిపడుతుందనీ చెప్పాడు. ఎన్ని రోజులు ఊరాలి, రంగు చూసి ఎట్లా కనిపెట్టాలి, అన్నీ చెప్పాడు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. హైస్కూల్లో రసాయనశాస్త్రం అనేది ఇదే. ఆయన వేలిముద్ర మనిషి. కానీ ఆ గంట ఆయనే టీచరు, నేను విద్యార్థిని.

మన తెలుగులో "చెప్పు" అంటే రెండర్థాలు. కాలికి వేసుకునేది ఒకటి. "నోరు తెరిచి మాట్లాడు" అనేది ఇంకోటి. మొదటి అర్థం చూపించి రెండో అర్థాన్ని మన దగ్గర్నుంచి లాక్కున్నారు. బడిలో టీచరు చెయ్యాల్సిన పని రెండో అర్థాన్ని ఆ పిల్లవాడికి తిరిగి ఇవ్వడం.

ఇంటి మాట, బడి మాట

మా పిల్లలు "యాడికి పోతన్నా" అంటారు. పుస్తకంలో "ఎక్కడికి వెళుతున్నావు" అని ఉంటుంది. మా పిల్లలు "ఆళ్ళు" అంటారు, పుస్తకంలో "వాళ్ళు". నోరు తెరిస్తే తప్పంటే ఏ పిల్లయినా నోరు మూసుకుంటుంది. అప్పుడు మనమే "మాట్లాడదండీ, మొద్దు" అని రాస్తాం.

నా బోర్డు మీద నిలువుగా ఒక గీత ఉంటుంది. ఎడమ పక్క ఇంటి మాట, కుడి పక్క బడి మాట. రెండూ ఒప్పే. పిల్ల తన మాటలో చెప్పింది ముందు ఎడమ పక్క అట్లాగే రాస్తాను. తను పలికిన మాట బోర్డెక్కింది! అప్పుడు దానికి ఎదురుగా పుస్తకం మాట రాస్తాం. ఎక్కడ ఏది వాడాలో పిల్లలే నేర్చుకుంటారు. నాలుగో తరగతికి వచ్చేసరికి రెండూ వస్తాయి. ముందు వరస పిల్లలకి ఒకటే వస్తుంది. అప్పుడు ఎవరు ఎక్కువ నేర్చినట్టు?

గిడుగు రామమూర్తి పేరు మీద ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండ వేస్తాం, ఇంటికి పోతాం. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులు. సవరల పిల్లలకి చదువు చెప్పాలంటే సవర భాష రావాలని తనే ఆ భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో పుస్తకాలు తయారుచేశాడు, సవరలకి బడులు పెట్టాడు. పుట్టుకతో ఆయన మనవాడు కాదు. అయినా ఈ సంగతి మనం చెప్పుకోవాలి. వృత్తిలో ఎదగడమంటే ఏమిటో ఆయన పనిలో ఉంది. పిల్లలు తన భాషలోకి వచ్చేదాకా ఆగలేదు, తనే పిల్లల భాషలోకి పోయాడు. పై కులాల టీచర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు నేను చెప్పేది అదే.

ఇంగ్లీషు సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే నన్ను అపార్థం చేసుకుంటారు. మా పిల్లలకి ఇంగ్లీషు కావాలి. కచ్చితంగా కావాలి. తెలుగు తల్లి గురించి మాకు పాఠాలు చెప్పేవాళ్ళ మనవళ్ళు ఏ మీడియంలో చదువుతున్నారో మాకు తెలుసు. కానీ పుస్తకం అట్ట మీద ఇంగ్లీషు అని అచ్చేసి, లోపల పిల్లకి ఏ భాషలోనూ చదవడం రాకుండా ఐదో తరగతి దాటిస్తే అది ఇంకో మోసం. ఇంగ్లీషుకైనా తెలుగుకైనా దారి ఒకటే. ముందు పిల్ల నోట్లోంచి మాట రావాలి, తర్వాత చేతికి రావాలి.

నోటిలెక్క

ఒకరోజు ఈ లెక్క ఇచ్చాను. "అమ్మ ఆరు రోజులు మిరపకోతకి పోయింది. రోజుకి 350 రూపాయలు. మేస్త్రి 1,800 ఇచ్చాడు. ఇంకా ఎంత రావాలి?" లెక్కల పీరియడ్‌లో ఎన్నడూ చెయ్యెత్తని పిల్లవాడు పలక ముట్టుకోకుండానే "మూడొందలు టీచర్" అన్నాడు. ఎట్లా చేశావురా అంటే, "రెండు రోజులకి ఏడొందలు, మూడు ఏళ్ళు ఇరవై ఒకటి, రెండువేల నూరు, అందులో పద్దెనిమిదొందలు పోతే మూడొందలు" అన్నాడు. అదే లెక్క పలక మీద రాయమంటే వాడికి రాలేదు.

వాడికి గుణకారం రాదని ఎవరైనా అనగలరా? నోటికి వచ్చిన లెక్క చేతికి రాలేదు, అంతే. దాన్ని కాగితం మీదికి దించడమే నా పని. వాడు చెప్పినట్టే బోర్డు మీద రాసి, "మీ తోటివాడు చేసిన పద్ధతి ఇది" అని అందరిచేతా చేయించాను. తర్వాత పుస్తకం పద్ధతి చూపించాను. ఆ రోజు నుంచి వాడి చెయ్యి దించమన్నా దిగలేదు.

ఆ లెక్క అక్కడితో అయిపోలేదు. "మేస్త్రి మూడొందలు ఎందుకు ఆపాడు టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. "మగాళ్ళకి ఎక్కువిచ్చి మా అమ్మకి తక్కువెందుకు?" అని ఇంకో పిల్ల. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం చేశారని చెప్పాను. లెక్కల పీరియడ్‌లో రాజకీయాలా అంటారు కొందరు. బ్యాంకు వడ్డీ లెక్క రాజకీయం కానప్పుడు కూలిలెక్క ఎట్లా రాజకీయమవుతుంది?

సంక్రాంతి తర్వాత ఖాళీ అయ్యే బడి

సంక్రాంతి దాటితే మా ప్రాంతంలో మిరపకోతలు. రిజిస్టరులో పేరున్న పిల్లలు కోతకి పోతారు, లేకపోతే చంటిపిల్లల్ని చూసుకుంటూ ఇంటి దగ్గరుంటారు. రిజిస్టరులో పేరులేని పిల్లలు కర్నూలు వైపు నుంచి తల్లిదండ్రులతో వలసొచ్చి చేల పక్కన పట్టాల గుడిసెల్లో ఉంటారు. ఇద్దరినీ మన కాగితాల్లో "సక్రమంగా రారు" అని ఒకే మాటతో రాసేస్తాం.

నేను చేసేది మూడు పనులు. ఒకటి, కోతలు మొదలవకముందే, డిసెంబరులోనే, ఏ పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుంటాను. రెండు, తిరిగొచ్చిన పిల్లని అందరూ చదివే పాఠంలో కుదెయ్యను. ఆగినచోట నుంచి మొదలుపెడతాను. తోటిపిల్ల ఒకరిని జత చేస్తాను. మూడు, గుడిసెల దగ్గరికి పోతాను. "మాది ఈ ఊరు కాదు, మా పిల్లల్ని చేర్చుకోరు" అని వాళ్ళు అనుకుంటారు. ఏడాదిలో ఎప్పుడొచ్చినా, కాగితం లేకపోయినా చేర్చుకోవాలని చట్టం. ఆ సంగతి వాళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరు? మనమే చెప్పాలి.

తరగతిలో కూచునే చోటు వారానికోసారి మారుస్తాను. చీపురు పట్టే వంతు అందరికీ వస్తుంది, ఆడపిల్లలకే కాదు, పల్లె పిల్లలకే కాదు. నీళ్ళ కుండలో అందరి చెయ్యీ పడుతుంది. అన్నం పంక్తి పేర్ల వరసలో ఉంటుంది, వీధుల వరసలో ఉండదు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడిలో వండిన అన్నం పెట్టమని ఆదేశించింది. ఆ అన్నం దగ్గర ఎవరు ఎవరి పక్కన కూచుంటారనేది కోర్టు వచ్చి చూడదు. మనమే చూడాలి. ఒక ఊళ్ళో ఇట్లా కలిపి కూచోబెట్టినందుకు కొందరు పెద్దమనుషులు వచ్చి "కొత్త పద్ధతులు పెట్టకండి" అన్నారు. పద్ధతి కొత్తదేం కాదు, 1950 నుంచి రాజ్యాంగంలో ఉందని చెప్పాను. రెండు నెలలు నామీద ఆకాశరామన్న ఉత్తరాలు పోయాయి. పోనీండి. పంక్తి మాత్రం మారలేదు.

టీచరు చదువు

ఇప్పుడు ఎదుగుదల గురించి. ఈ రోజు ఎవరి పుట్టినరోజు చేసుకుంటున్నామో ఆమెని చూడండి. 1831 జనవరి 3న పుట్టింది. పెళ్ళయ్యాక చదువుకుంది. 1848లో పూనాలో ఆడపిల్లల బడి మొదలైంది. దారిలో ఆమె మీద పేడ విసిరారనీ, సంచిలో ఇంకో చీర పెట్టుకుని పోయేదనీ మనం ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ చెప్పుకోని సంగతి ఒకటుంది. సావిత్రిబాయి టీచరు పనిలో శిక్షణ తీసుకుంది. అహ్మద్‌నగర్‌లోనూ పూనాలోనూ మిషనరీలు నడిపిన శిక్షణాలయాల్లో నేర్చుకుంది. ధైర్యం ఉంటే చాలు, పాఠం దానంతటదే వస్తుంది అనుకోలేదు. ఆ పని నేర్చుకోవాల్సిన పని అని ఆమెకి తెలుసు.

ఫలితం చూడండి. ఫూలేల బడిలో చదువుకున్న మాంగ్ కులం అమ్మాయి ముక్తా సాల్వే 1855లో మాంగులూ మహార్లూ పడే బాధల మీద వ్యాసం రాసింది. అది "జ్ఞానోదయ" పత్రికలో అచ్చయింది. బ్రాహ్మణులకి వేదాలుంటే మా మతం ఏదని నిలదీసింది. మాంగులంటే మన మాదిగల వంటి వాళ్ళు. ఒక టీచరు ఎదుగుదలకి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? బడికొచ్చిన పిల్ల టీచరు చెప్పింది అప్పజెప్పలేదు, తన మాట తను రాసింది.

1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన వాంగ్మూలంలో జోతిరావు ఫూలే ప్రాథమిక బడుల టీచర్లు సేద్యం చేసే కులాల నుంచి రావాలన్నాడు. నాగలి మేడి పట్టగలిగినవాళ్ళు, జనంతో కలిసిపోయేవాళ్ళు కావాలన్నాడు. వాళ్ళకి శిక్షణ ఇవ్వాలి, జీతాలు బాగా ఇవ్వాలి అన్నాడు. చూడండి, మూడూ కలిపి చెప్పాడు. మనం జీతం ఒక్కటే పట్టుకుని మిగతా రెండూ వదిలేశాం.

మన దగ్గర గుంటూరు జిల్లా మిషన్ బడుల్లో మొదటి తరం దళిత పంతుళ్ళు తయారయ్యారు. వినుకొండలో పుట్టిన జాషువా గుంటూరు లూథరన్ మిషన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేశాడు. కవిగా ఆయన్ని తలుచుకుంటాం, టీచర్లని తయారుచేసిన టీచరుగా కూడా తలుచుకోవాలి.

ఇక మన ట్రైనింగులు. 1980లలో ఆపెప్ అని ఒక పథకం వచ్చింది. పాత టీచర్లకి గుర్తుంటుంది. దాంట్లో ఆరు సూత్రాలు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, గుంపులుగా పనిచెయ్యాలి, ఒక్కో పిల్లకి ఉన్న తేడా గమనించాలి, చుట్టూ ఉన్న పరిసరాలు వాడుకోవాలి, ఇట్లా. టీచర్లు ఒకచోట చేరి మాట్లాడుకునే కేంద్రాలు పెట్టారు. మంచి మాటలే. తర్వాత డీపెప్ వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ అంది. గంటలు పెరిగాయి. సంతకాలు, ఫోటోలు, అప్‌లోడ్లు పెరిగాయి. ఏ ట్రైనింగులోనూ "నీ తరగతిలో చదవడం రాని పిల్లలు ఏ వీధి నుంచి వస్తున్నారు?" అని నన్ను అడిగినవాళ్ళు లేరు. కులం మాట రాకుండా పిల్లల మనస్తత్వం గురించి మూడు రోజులు మాట్లాడటం మనవాళ్ళకే చెల్లింది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రిటైర్మెంటుకి ఐదేళ్ళకి మించి ఉన్న టీచర్లు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలంది. మనలో చాలామందికి నిద్రలు పోయాయి. రాయాల్సొస్తే రాద్దాం, పాసవుదాం. పియాజే, వైగోట్‌స్కీ పేర్లు చదువుదాం, పనికొస్తాయి కూడా. కానీ టెట్ పాసైతే టీచరైపోయామనీ, ఫెయిలైతే కాకుండా పోయామనీ నేను నమ్మను.

నా శిక్షణ ఒక వంద పేజీల నోటుబుక్కు. ఒక్కో పిల్లకి రెండు పేజీలు. ఏ రోజు ఏ అక్షరం దగ్గర ఆగింది, ఏ మాట సొంతంగా రాసింది, ఏ ప్రశ్న అడిగింది. సాయంత్రం బస్సు కోసం ఎదురుచూసే పది నిమిషాల్లో రాస్తాను. ఎవరి పేజీ వారం రోజులు ఖాళీగా ఉందో ఆ పిల్ల వంక నేను వారం రోజులు చూడలేదని అర్థం. సోమవారం పొద్దున మొదటి ప్రశ్న ఆ పిల్లకే. ఏ అధికారీ ఈ నోటుబుక్కు అడగడు. అడగడు కాబట్టే అందులో నిజం రాయగలుగుతున్నాను.

రెండోది, తోటి టీచరు తరగతిలో వెనక కూచుంటాను, నా తరగతిలో తోటి టీచర్ని కూచోమంటాను. నేను ఎవర్ని ఎన్నిసార్లు పేరుపెట్టి పిలిచానో లెక్కపెట్టమంటాను. మూడోది, పిల్లల ఇళ్ళకి పోతాను. ఫిర్యాదు చెప్పడానికి కాదు. ఆ ఇంట్లో పిల్లకి ఏం వచ్చో తెలుసుకోడానికి.

మన ఉద్యోగులకి ఒక మాట

చివరిగా, మన టీచర్లతో. మనం రిజర్వేషన్ మీద వచ్చాం. సిగ్గుపడాల్సిన పనిలేదు. అది మన తాతముత్తాతలు చేసిన చాకిరీకి వచ్చిన బాకీలో కొంచెం. కానీ ఆ బాకీ మన ఒక్కరి పేరు మీద వసూలు చేసుకుని టౌనులో ఇల్లు కట్టుకుని, పల్లె పిల్లల్ని చూసి మనమే "వాళ్ళకి రాదు" అంటే ఎట్లా? ఆ మాట ఊళ్ళోవాళ్ళ నోట వింటే కోపం వస్తుంది. మనవాళ్ళ నోట వింటే కడుపు తరుక్కుపోతుంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మనల్ని రోడ్డు మీదికి తెచ్చాయి, నోరు తెరిపించాయి. ఆ ఉద్యమం నేర్పిన ఆత్మగౌరవం జేబులో బ్యాడ్జీగా మిగలకూడదు, తరగతిగదిలోకి రావాలి. అంబేడ్కర్ బొమ్మ గోడమీద పెట్టి, ఆ బొమ్మ కింద కూచున్న పిల్లకి అక్షరం రాకుండా పంపిస్తే, ఆయన వంక మనం ఏ ముఖంతో చూస్తాం?

వచ్చే సోమవారం మీ తరగతిలో ఒక పని చెయ్యండి. ఈ నెలలో మీతో ఒక్క మాటా మాట్లాడని ముగ్గురు పిల్లల పేర్లు రాసుకోండి. పేర్లు గుర్తురాకపోతే రిజిస్టరు చూడండి. ఒక్కొక్కరిని పక్కన కూచోబెట్టుకుని ఎక్కడ ఆగారో వెతకండి. వచ్చే సమావేశానికి తీర్మానాలు తేవద్దు. ఆ ముగ్గురు సొంతంగా రాసిన మూడు వాక్యాలు తీసుకురండి. అవి ఇక్కడ చదువుకుందాం.

జైభీం. జై సావిత్రి.